పాటల పోటీకి గార్డియన్‌గా వెళ్ళాను

మా అక్క కూతురు బుజ్జి ఒక తెలుగు ఛానల్లో వచ్చే పిల్లల పాటల పోటీకి ఎంపికైంది. దానితో హైదరాబాద్ వెళ్ళడానికి ఇంట్లో ఎవరికీ వీలు కాలేదు. బావ కువైట్‌లో ఉంటాడు. అక్క అంగన్‌వాడీలో పనిచేస్తుంది, అన్ని రోజులు సెలవు దొరకదు, పైగా చంటాడున్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సెలవులు మిగిలి ఉన్నది నాకే. ఆంధ్రా బ్యాంకులో చేరి, 2020లో విలీనమయ్యాక యూనియన్ బ్యాంకు ఉద్యోగినైపోయిన గుమాస్తాని నేను. అలా అమలాపురంలో కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి, నగరం శివార్లలో ఓ స్టూడియో ఫ్లోరు బయట ప్లాస్టిక్ కుర్చీలో ‘గార్డియన్ సార్’గా కూర్చున్నాను.

పిల్లల పాటల పోటీ అంటే మా ఇంట్లో గౌరవం ఎక్కువ. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైన దగ్గర్నుంచి అమ్మ దాన్ని వదల్లేదు. బాలసుబ్రహ్మణ్యం గారు పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో, అక్కడ ఆ గమకం ఎందుకు పడిందో చెబుతూ పిల్లల తప్పుల్ని నొప్పించకుండా దిద్దుతుంటే, ఆవిడ పప్పు పొయ్యి మీద మాడుతున్నా లేచేది కాదు. కాబట్టి బుజ్జికి పిలుపొచ్చిందంటే అందరికన్నా ముందు సంబరపడింది అమ్మే. నాలుగో తరగతి పిల్ల, ఊళ్ళో సంగీతం అమ్మగారి దగ్గర గీతాలు దాటి స్వరజతుల్లోకి వచ్చింది. గొంతు బాగుంటుంది. మేనమామని కాబట్టి అంటున్నాననుకోకండి, నిజంగానే బాగుంటుంది.

ఆడిషన్ రాజమండ్రిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పొద్దున్నే వెళ్తే అప్పటికే గేటు బయట లైను. పిల్లల ఛాతీ మీద నంబరు కాగితం అంటించారు. ఆ నంబరుతోనే పిలుస్తారు, ఆ రోజుకి అదే పేరు. లోపల ప్రముఖులెవరూ ఉండరని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక సంగీతం టీచరు, ఒక కెమెరా, ఒక శ్రుతి పెట్టె. పల్లవి, ఒక చరణం పాడితే చాలు. టీవీలో మనం చూసే పెద్ద జడ్జిల దాకా వెళ్ళేది ఇలాంటి రెండు మూడు జల్లెళ్ళు దాటినవాళ్ళే. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. అంతమందిని వినాలంటే ఇంకెలా చేస్తారు?

నాకు పట్టినది ఫారం. పేరు, వయసు, నేర్చుకున్న సంగీతం, ఇష్టమైన పాటలు వరుసగా అడిగి, కిందికొచ్చేసరికి ‘కుటుంబ పరిస్థితి వివరంగా రాయండి’ అని అర పేజీ ఖాళీ వదిలారు. పాట గురించి రెండు గీతలు, ఇంటి గురించి అర పేజీ! మా పక్కన కూర్చున్న ఆవిడ ఆ ఖాళీ చాలక కాగితం వెనక్కి తిప్పి రాస్తోంది. నేను ‘తండ్రి కువైట్‌లో డ్రైవరు, తల్లి అంగన్‌వాడీ టీచరు’ అని ఒక్క వాక్యం రాశాను. ఆ కుర్రాళ్ళలో ఒకడు దాన్ని చదివి తలెత్తి, “పాప నాన్నగారు ఎన్నేళ్ళకోసారి వస్తారు సార్?” అన్నాడు. రెండేళ్ళకని చెప్పాను. ‘కువైట్’ అన్న మాట కింద పెన్నుతో గీత గీశాడు.

తర్వాత వరంగల్ నుంచి పోటీకి వచ్చిన ఇంకో పిల్ల వాళ్ళ నాన్న నాకు చెప్పేదాకా ఆ గీత సంగతి అర్థం కాలేదు. ఆయన కోర్టులో వకీలు దగ్గర గుమాస్తా. “మీది గల్ఫ్ కథ సార్, మాది చేనేత కథ. మా నాన్నగారి మగ్గం అటక మీద ఉంటే దింపించి తీశారు” అన్నాడు.

కథ అంటే ఏవీ, ఆడియో విజువల్‌కి పొట్టి పేరు. ఫ్లోరు మీద అందరూ వాడే మాట అదే. పాట ముందు రెండు మూడు నిమిషాలు వస్తుంది చూడండి, పిల్ల ఊరు, ఇల్లు, కష్టం, వెనకాల వయొలిన్. అదీ ఏవీ. మా బుజ్జి ఏవీ తీయడానికి హైదరాబాద్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు అమలాపురం వచ్చారు. ఎంత మర్యాదస్తులో చెప్పలేను. అమ్మ పులస పెట్టలేకపోయానని బాధపడుతుంటే, “కాలం కాదు కదమ్మా, పప్పుచారు చాలు” అని ఇష్టంగా తిన్నారు. భోజనాలయ్యాక ఇల్లంతా చూశారు. బావ పదేళ్ళు ఎండలో లారీ తోలి కట్టించుకున్న డాబా అది, గ్రానైటు గుమ్మాలతో సహా. పెద్ద కుర్రాడు అటూ ఇటూ తిరిగి, పెరట్లో మేం కొబ్బరికాయలు పోసుకునే పాత పెంకుటిల్లు చూసి, “ఇక్కడ తీద్దామండీ, లైటు బాగుంది” అన్నాడు.

అక్కకి మొహం ఎర్రబడింది. “బాబూ, అందులో మనుషులుండి పదిహేనేళ్ళు దాటింది” అంది.

“ఉంటున్నారని మేం చెప్పం కదండీ, జస్ట్ చూపిస్తాం.”

చూపించారు. కొబ్బరికాయలు ఓ మూలకి నెట్టి, గోడకి బావ ఫొటో తగిలించి, దాని కింద బుజ్జిని కూర్చోబెట్టారు. నాన్న గురించి చెప్పమన్నారు. అది హుషారుగా మొదలెట్టింది. నాన్న వచ్చేటప్పుడు తెచ్చే చాక్లెట్లు, ఎడారిలో ఒంటె మీద ఎక్కిన ఫొటో, ప్రతి శుక్రవారం సెలవు కాబట్టి వీడియో కాల్లో తను పాడి వినిపించే పాట. అంతా విన్నాక ఆ కుర్రాడు కెమెరా పక్కనుంచి మెల్లగా, “సూపర్ బుజ్జీ. ఇప్పుడు ఇదే కొంచెం బాధగా చెప్పమ్మా” అన్నాడు. బుజ్జి వాళ్ళమ్మ వైపు చూసింది. అక్క నా వైపు చూసింది. ఒంటె తీసేశారు, చాక్లెట్లు తీసేశారు. “నాన్న పండక్కి కూడా ఉండరు” అన్న మాట మిగిలింది. అది అబద్ధం కాదు. మా ఇంటి మాటే, మా పిల్ల నోటితోనే వచ్చింది.

హైదరాబాద్ వెళ్ళాక ముందు అగ్రిమెంటు. ఇంగ్లీషులో కొన్ని పేజీలు. “ఫార్మాలిటీ సార్, చివర సంతకం పెట్టేయండి” అంది కోఆర్డినేటరమ్మాయి. జనం చేత సంతకాలు పెట్టించుకునే ఉద్యోగం నాది, చదవకుండా పెట్టించుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. కూర్చుని చదివాను. పాప రూపాన్ని, గొంతుని, జీవిత కథని ఏ మాధ్యమంలోనైనా, ఎలాగైనా కూర్చి వాడుకునే హక్కు వాళ్ళది. పాల్గొన్నందుకు పారితోషికం లేదు. ప్రయాణం, బస, భోజనం వాళ్ళే చూస్తారు. ప్రైజు గెలిచినవాళ్ళకే.

వకీలు గుమాస్తా ఆ రాత్రి హోటల్లో నాకు ఫోన్లో ఒక పీడీఎఫ్ చూపించాడు. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంటూనే సినిమా, టీవీ, ప్రకటనల్లో కళాకారులుగా పాల్గొనడానికి షరతులతో మినహాయింపు ఇచ్చారు. ఆ షరతులు 2017లో వచ్చిన నిబంధనల్లో ఉన్నాయి. రోజుకి ఐదు గంటలకి మించి పనిచేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకి మించకూడదు. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి ఉండాలి, పిల్లల పేర్ల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం ముందే ఇవ్వాలి. ఐదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి. బడి పాఠాలు ఆగకుండా ఏర్పాటు చేయాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వాళ్ళ పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక వాళ్ళ చేతికొస్తుంది.

చివరిది చదివి నాకు నవ్వొచ్చింది. మైనర్ల పేరున డిపాజిట్లు రాయడం నా దినచర్య. కానీ సున్నాలో ఇరవై శాతం ఎంతో ఏ క్యాలిక్యులేటరైనా ఒకటే చెబుతుంది.

మర్నాడు కోఆర్డినేటర్ని కలెక్టరు అనుమతి గురించి అడిగాను. ఉందన్నారు. చూపించమంటే ఆఫీసులో ఉందన్నారు. ఉండే ఉంటుంది, నేను కాదనను. ఐదు గంటల సంగతి అడిగితే మాత్రం ఆ అమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయింది. “పాప స్టేజీ మీద ఉండేది అరగంటే కదా సార్!”

లెక్క అలా కడతారు. ఉదయం ఏడుకి వ్యాను వస్తుంది. మేకప్పు, జడలు, స్ప్రే. కొలతకి ఎక్కువైన గౌను వెనకాల వరసగా పిన్నులు పెట్టి బిగిస్తారు, అందుకే పిల్లలు కుర్చీలో వెనక్కి ఆనుకోలేరు. ఫ్లోర్లో లైట్ల కోసం ఏసీ గడ్డకట్టించేలా ఉంటుంది, షాటుకీ షాటుకీ మధ్య స్వెటర్లు కప్పుకుంటారు. రెండు ఎపిసోడ్లు ఒకే రోజు తీస్తారు కాబట్టి మధ్యాహ్నం బట్టలు మారిస్తే వచ్చే వారం అయిపోతుంది. రాత్రి పదింటికి వ్యాను ఎక్కేసరికి సగం మంది పిల్లలు నిద్రలో ఉంటారు, సగం మంది తిక్కతిక్కగా నవ్వుతుంటారు. ఈ మొత్తంలో ‘పని’ అరగంటే.

టీవీలో చూసేవాళ్ళకి తెలియనిది రియాక్షన్లు. ఒక పాటా మొదలుకాకముందే పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, అసిస్టెంటు డైరెక్టరు చప్పట్లు కొట్టించాడు, లేచి నిలబడి కొట్టించాడు, నోరు తెరిచి ఆశ్చర్యపోయేలా చేయించాడు, దిగులుగా ఒకరి చేతులొకరు పట్టుకునేలా చేయించాడు. ఎవరి పాటకి ఏది అతుకుతుందో తర్వాత చూసుకుంటారు. ఏడేళ్ళ బాబు ఒకడు ఆశ్చర్యపోవడంలో దిట్ట. “నువ్వు రాజువిరా” అని అందరూ మెచ్చుకునేవారు. వాడు లంచ్‌లో పెరుగన్నం చూసి కూడా అదే మొహం పెట్టి చూపించేవాడు. మేం పడీ పడీ నవ్వాం. వాడు ఎలిమినేషన్ రోజున, ‘మన మధ్య నుంచి వెళ్ళిపోతున్నది’ అని యాంకరు ఆపిన చోట, చెయ్యెత్తి బాత్రూంకి వెళ్ళాలన్నాడు. ఆ నిశ్శబ్దాన్ని నాలుగు వైపుల నుంచి తీయాలి కాబట్టి ఆగమన్నారు. ఇంట్లో మనకి గుండె దడలా వినిపించే సంగీతం అక్కడ ఉండదు. ఏసీ హోరు, కాళ్ళు ముడుచుకుని నిలబడ్డ ఒక బాబు, అంతే.

మంచి లేదా అంటే ఉంది, చాలా ఉంది. ఆర్కెస్ట్రాతో పాడటం బుజ్జికి అదే మొదలు. తబలా, కీబోర్డు, ఫ్లూటు వాయించే పెద్దవాళ్ళంతా దాని కోసం ఆగి, దాని శ్రుతికి తమని సర్దుకుని, “నువ్వు ఊపిరి తీసుకో తల్లీ, మేమున్నాం” అంటుంటే ఆ పిల్ల మొహంలో వచ్చిన వెలుగు ఏ కెమెరా కోసమూ కాదు. కీబోర్డు వాయించే ఆయన భోజనాల వేళ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే పాట మెట్టు మార్చి పాడితే ఎలా ఉంటుందో చూపించేవాడు. ఆ పాఠానికి నేను డబ్బిచ్చయినా పంపేవాణ్ణి. వరంగల్ పిల్లా ఇదీ ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటారు.

జడ్జిలు కూడా ఒక్క పిల్లని కసరలేదు. వెళ్ళేముందు నా భయమంతా దాని గురించే. 2008లో కోల్‌కతాలో ఒక డ్యాన్సు షోలో జడ్జిల మాటలు పడ్డాక పదహారేళ్ళ అమ్మాయికి మాట పడిపోయి, కాళ్ళూ చేతులూ కదల్లేని స్థితి వచ్చిందనీ, బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ అప్పట్లో దేశమంతా చదివాం. ఆ తర్వాతే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇలాంటి షోల మీద దృష్టి పెట్టి మార్గదర్శకాలు చేసింది. 2017లో హిందీ సినిమా దర్శకుడు షూజిత్ సర్కార్ పిల్లల రియాలిటీ షోలని నిషేధించాలని బహిరంగంగానే కోరాడు. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, పెద్దవాళ్ళు సినిమాల్లో వేసే స్టెప్పుల్ని పిల్లల చేత అసభ్యంగా వేయించొద్దని ప్రైవేటు ఛానళ్ళకి సూచన పంపింది. 2022లో కమిషన్ మళ్ళీ కొత్త ముసాయిదా తెచ్చి ఓటీటీని, సోషల్ మీడియాని కూడా అందులో కలిపింది. వీటి ఫలితమో, కాలం మారడమో, ఇప్పుడు జడ్జిలందరూ పిల్లల్ని ముద్దు చేస్తారు. మాకు తగిలింది తిట్టు కాదు.

తండ్రుల ప్రత్యేక ఎపిసోడ్ ఒకటి పెట్టారు. మిగతా పిల్లల నాన్నలు స్టేజీ మీదికి వస్తారు, బావ రాలేడు. “సార్, మీరు పాపకి చెప్పకండి, సర్‌ప్రైజ్” అని నాకు రెండు రోజుల ముందు చెప్పారు. కువైట్‌లో బావకి ఫోన్ చేసి టైము కుదుర్చుకున్నారు. అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా. ఆయన డ్యూటీ సగం వదులుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గదిలో మిగతావాళ్ళని బయటికి పంపి కూర్చున్నాడు.

బుజ్జి పాట అయింది. వెనకాల గోడంత తెర మీద వాళ్ళ నాన్న మొహం ప్రత్యక్షమైంది. అది తిరిగి చూసి ఒక్క క్షణం నిలబడిపోయి, ఫక్కుమని నవ్వేసింది. “నాన్నా! నీ మీసం ఇంతుందేంటి!” అని చేతులు బారచాపి చూపించింది. బావ నవ్వాడు. ఆర్కెస్ట్రావాళ్ళు నవ్వారు, జడ్జిలు నవ్వారు. నేను బయట మానిటర్లో చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

కట్ చెప్పారు. లోపల ఏదో మాట్లాడుకున్నారు. లైను సరిగ్గా రాలేదు, ఇంకోసారి తీద్దామన్నారు. లైను బాగానే వచ్చింది, నాకు బావ కాలరు మీది దారం కూడా కనిపించింది. రెండోసారి తెర వెలిగే ముందే యాంకరమ్మ బుజ్జి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజం చుట్టూ చెయ్యేసింది. నాన్న వచ్చి ఎన్నాళ్ళయింది తల్లీ? వెళ్ళేటప్పుడు ఏర్‌పోర్టుకి వెళ్ళావా? నాన్నని ముట్టుకోవాలని ఉందా? తెర వెలిగింది. “అక్కడే ఉన్నారు, వెళ్ళి ముట్టుకో” అంది. బుజ్జి వెళ్ళి తెర మీద చెయ్యి పెట్టింది. అది అద్దంలా చల్లగా ఉండి ఉంటుంది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అవతల బావ ఏడుస్తున్నాడు. ఫ్లోరంతా ముక్కులు ఎగబీల్చడమే. ఒక్కరూ నటించలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఆ యాంకరమ్మతో సహా.

బయటికి తీసుకొచ్చారు. కాటుక చెంపల మీదికి కారింది. నేను దగ్గరికి తీసుకోబోతుంటే, ముక్కు తుడుచుకుంటూ తలెత్తి, “బాగా వచ్చిందా మామయ్యా?” అంది.

నాకు నోట మాట రాలేదు. వెనక నుంచి అసిస్టెంటు డైరెక్టరు జవాబిచ్చాడు. “చించేశావ్ బుజ్జీ!”

ప్రోమో రెండు రోజుల ముందు వేశారు. అందులో ఒక జడ్జి కుర్చీలోంచి లేచి, “ఇది నేను ఒప్పుకోను” అంటాడు. వెంటనే బుజ్జి ఏడుపు. ఆ జడ్జి ఆ మాట అన్నది ఇంకో రోజు, ఇంకో జడ్జితో, సరదాకి, ఒక బాబుని పోటీలోంచి పంపొద్దంటూ. అమలాపురం నుంచి ఫోన్లే ఫోన్లు. పిల్లని తిట్టారటగా, ఎవడండీ వాడు, తీసుకొచ్చేయండి, అని. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఎపిసోడ్‌లో మాత్రం ఏడుపు సరైన చోటే ఉంది. మీసం గురించిన నవ్వు ఎక్కడా లేదు. అది ఇప్పుడు ఏ హార్డ్‌డిస్కులోనో ఉందో, చెరిపేశారో. దాన్ని ఇమ్మని అడిగాను. అలా ఇవ్వడం కుదరదన్నారు.

ఆ వీడియో ముక్క యూట్యూబులో పెట్టారు. కింద వేలకొద్దీ దీవెనలు. మధ్యలో పిల్ల రంగు గురించి, పళ్ళ గురించి రాసినవాళ్ళు కొందరు. వాళ్ళ గురించి రాసి నా నోరు పాడుచేసుకోను. బుజ్జి వాటిని చదివిందని తెలియదు నాకు. తెలుగు బాగా చదువుతుందని మురిసిపోయేవాళ్ళం కూడా. ఓ రోజు వ్యాన్లో, “ఓవర్ యాక్షన్ అంటే ఏంటి మామయ్యా?” అని అడిగింది. ఎవరన్నారు అంటే ఫోన్లో చూపించింది. “నేను నిజంగానే ఏడ్చాను కదా” అంది. అవునన్నాను. కాసేపాగి, “మొదటిసారి నవ్వింది పెట్టుంటే అనేవాళ్ళు కాదేమో” అంది.

ఇంకొన్నాళ్ళకి పోటీలోంచి బయటికొచ్చింది. దిగులు పడుతుందనుకున్నాం, పెద్దగా పడలేదు. ఎలిమినేషన్ ఏడుపు కూడా పద్ధతిగానే ఏడ్చింది. మైకు పట్టుకునే చెయ్యి వణక్కుండా, మాటలు తడబడకుండా, మెంటరుకి, ఆర్కెస్ట్రాకి, ఛానల్‌కి వరసగా కృతజ్ఞతలు చెబుతూ. తొమ్మిదేళ్ళ పిల్ల ఏడుస్తూ అంత స్పష్టంగా మాట్లాడగలగడం చూసి అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక సంగీతం అమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రెండు పాటలు పాడించుకుని, ఏమీ అనకుండా, “సరళీ వరసలు పాడు” అంది. రోజూ రెండేసి గంటలు హైపిచ్‌లో సాధన చేయించడం వల్ల గొంతు పట్టేసింది. పైగా ప్రతి పల్లవి చివరా చెయ్యి గాల్లోకి లేచి, కనుబొమ్మలు ఎగురుతున్నాయి. “ఆ చెయ్యి ఎక్కడికమ్మా?” అందావిడ. బుజ్జి సిగ్గుపడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు మూడు నెలల్లో దారికొచ్చింది. చెయ్యి కూడా వచ్చింది.

వాకిట్లో పిల్లల ఆటలు మారాయి. వీధిలో పిల్లలంతా చేరి పోటీ పెడతారు, బుజ్జి జడ్జి. పాట ముందు ఏవీ తప్పనిసరి. ఎదురింటి కిరాణా కొట్టు పిల్లాడికి చెప్పుకోవడానికి కష్టమేమీ లేదు. వాళ్ళ నాన్న ఉన్నాడు, కొట్టు ఉంది, సైకిలుంది. “మీ తాత చచ్చిపోయాడు కదరా, అది చెప్పు” అని నేర్పించింది మా బుజ్జి. వాడికి ఆ తాత మొహం కూడా తెలియదు. అయినా బాగానే చెప్పాడు. వాడు గెలిచాడు.

నన్ను ఎక్కువగా కుదిపింది శుక్రవారం కాల్. బావతో మాట్లాడేటప్పుడు అది ఇదివరకు ఫోను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగేది. మంచం కింద పిల్లి పిల్లల్ని చూపించేది, తమ్ముడి చెవి లాగేది. ఇప్పుడు ఫోనుని గోడకి ఆనించి, జుట్టు సర్దుకుని ఎదురుగా కూర్చుంటుంది. ఓసారి మాట మధ్యలో లైను తెగిపోయింది. మళ్ళీ కలవగానే బుజ్జి, “మొదటి నుంచా నాన్నా?” అంది. బావకి అర్థం కాలేదు. “ఏం మొదటి నుంచమ్మా?” అన్నాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎవరితోనైనా ఈ సంగతి చెబితే ముందు అడిగేది, “ఏం, వేధించారా? తిండి పెట్టలేదా?” అని. లేదు, బాగా చూసుకున్నారు. నిబంధనల్లో గంటలున్నాయి, డబ్బుంది, చదువుంది, ఇష్టం లేకుండా పిల్లల చేత చేయించకూడదని కూడా ఉంది. బుజ్జి ఇష్టంగానే ఏడ్చింది. నాన్న మీద బెంగ దానికి ఎప్పుడూ ఉంది. అది ఇంటి లోపలి వ్యవహారం, రాత్రి దుప్పట్లో వాళ్ళమ్మకి మాత్రమే తెలిసేది. దానికి మార్కులుంటాయని, దాన్ని రెండోసారి ఇంకా బాగా చేయొచ్చని దానికి తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసినదాన్ని తెలియకుండా చేయడం సంగీతం అమ్మగారి వల్ల కూడా అయ్యే పని కాదు. కలెక్టరు అనుమతి పత్రంలో దీనికి గడి లేదు.

ఈ ఏడు సంక్రాంతి ప్రత్యేక కార్యక్రమానికి పాత పిల్లలందర్నీ పిలుస్తున్నామని మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి నేనూ సిద్ధంగా ఉన్నాను. అనుమతి కాపీ ముందు పంపాలి, సాయంత్రం ఆరుకి పిల్లని వదిలేయాలి, ఏవీ ఉండకూడదు, ఇంటివాళ్ళ ప్రస్తావన ఉండకూడదు అని మెయిల్ పెట్టాను. మొదటి రెండింటికీ సరేనన్నారు. మూడోదానికి కోఆర్డినేటరమ్మాయి ఫోన్ చేసింది, కొత్త అమ్మాయి.

“ఏవీ లేకుండా పాపని ఎలా పరిచయం చేస్తాం సార్?”

“పేరు, ఊరు, ఏ పాట పాడుతుందో చెప్పండి. చాలు.”

“అడిగి చెప్తాను సార్” అంది.

అక్కడే కూర్చుని లెక్కలు చేసుకుంటున్న బుజ్జి అంతా వింది. “ఆర్కెస్ట్రా ఉంటుందా మామయ్యా?” అని అడిగింది.

“ఉంటుందంట.”

“ఏవీ?”

“వద్దని చెప్పాను.”

“అయితే పిలవర్లే” అని పెన్సిలు చెక్కుకోవడంలో పడింది.

పిలవలేదు.